శ్రీశైలం ఇన్‌ఫ్లో లెక్క

జూలై వచ్చిందంటే కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో పలకరింపు మారిపోతుంది. "డ్యాంలోకి ఇన్‌ఫ్లో ఎంతుందంట?" అని అడుగుతారు. అడిగేవాళ్లకు ఇంగ్లిషు రానక్కర్లేదు. పోతిరెడ్డిపాడు గేట్లు ఎప్పుడు లేస్తాయో, కాలువ చివరి చేనుకు నీళ్లు ఎప్పుడు అందుతాయో ఆ అంకెను బట్టి ఎవరికి వారే అంచనా కట్టుకుంటారు. ఇంతమంది నమ్ముకున్న ఆ అంకెను చూపించే మీటరు మాత్రం శ్రీశైలం ఆనకట్ట దగ్గర ఎక్కడా ఉండదు. అది లెక్కలో తేలాల్సిందే. ఆ లెక్క పొందిక చూస్తే ముచ్చటేస్తుంది.

ఆనకట్ట మీద నిలబడితే బయటికి దూకే నీరు కనిపిస్తుంది గానీ లోపలికి వచ్చే నీరు కనిపించదు. నిండినప్పుడు జలాశయం 615 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. కృష్ణ, తుంగభద్ర ఎగువన ఎక్కడో కలిసి, సంగమేశ్వరం గుడిని ముంచి, నల్లమల కొండల మధ్య మెలికలు తిరిగి వచ్చేసరికి నీటికి నడక ఉన్నట్టే తోచదు. నది ఇక్కడితో ఆగింది, జలాశయం ఇక్కడ మొదలైంది అని గీత గీసే చోటు లేదు. అందుకే ఇంజినీర్లు దుకాణదారుడి దారి పట్టారు. పగలంతా బేరాలు రాసుకోకపోయినా, పొద్దున గల్లాపెట్టెలో ఎంత ఉంది, రాత్రికి ఎంత మిగిలింది, మధ్యలో ఎంత ఖర్చయింది తెలిస్తే అమ్మకం ఎంతో చెప్పేయొచ్చు. ఇక్కడా అంతే: పోయిన నీరు, పెరిగిన నిల్వ కలిపితే వచ్చిన నీరు.

పోయిన నీటిలో పెద్ద పద్దు వరద నీటిని వదిలే స్పిల్‌వేది. దాని మీద 12 రేడియల్ క్రస్ట్ గేట్లు ఉన్నాయి. ఒక్కోటి దాదాపు 60 అడుగుల వెడల్పు, 55 అడుగుల ఎత్తు. గేటు అడుగు 830 అడుగుల మట్టం దగ్గర కూర్చుంటుంది. అక్కడి నుంచి 55 అడుగులు లెక్కపెడితే పూర్తిస్థాయి నీటిమట్టమైన 885 వస్తుంది. నిండుగా ఉన్నప్పుడు ఒక్క గేటు మీద నీరు నెట్టే బలం లెక్కవేస్తే సుమారు 2,500 టన్నులు. అంత బరువు ఆనుకుని ఉన్న తలుపును తాళ్లతో పైకి లాగగలుగుతున్నారంటే కిటుకు దాని వంపులో ఉంది. గేటు ముందు పలక ఒక పెద్ద వృత్తంలో ముక్క. ఆ వృత్తానికి కేంద్రమైన చోట, గేట్ల మధ్య కాంక్రీటు పియర్లకు బిగించిన ఇరుసులు ఉంటాయి. పలక నుంచి ఉక్కు చేతులు వచ్చి ఆ ఇరుసులను పట్టుకుంటాయి. నీరు ఎప్పుడూ పలకకు లంబంగా నెడుతుంది. వృత్తం మీద అలా నెట్టిన ప్రతి నెట్టూ కేంద్రం వైపే పోతుంది కాబట్టి ఆ బలమంతా చేతుల గుండా ఇరుసులోకి, ఇరుసు నుంచి కాంక్రీటులోకి దిగిపోతుంది. గేటును తిప్పడానికి గానీ ఆపడానికి గానీ అందులో దాదాపు ఏమీ మిగలదు. పైన ఉన్న హాయిస్టు మోయాల్సింది గేటు సొంత బరువు, అంచుల, ఇరుసుల రాపిడి, అంతే.

జలాశయం నిండుగా ఉన్నప్పుడు ఒక గేటును 10 అడుగులు ఎత్తితే 27, 28 వేల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) పోతాయి. మట్టం తగ్గితే అదే 10 అడుగుల సందులోంచి తక్కువ పోతుంది. కాబట్టి ముందే కట్టి ఉంచిన పట్టికలో నీటిమట్టం ఒక పక్క, గేటు ఎత్తిన కొలత ఇంకో పక్క చూసి అంకె తీయాలి. దీనికి కుడిగట్టు విద్యుత్ కేంద్రంలోని ఏడు యూనిట్లు, ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఆరు యూనిట్లు తాగి వదిలే నీరు కలుస్తుంది. ఎడమగట్టు పేరిట పేపర్లలో తరచూ 35,315 క్యూసెక్కులు అని చూస్తుంటాం. చివరి అయిదు దాకా ఇంత కచ్చితమా అని ఆశ్చర్యపోనక్కర్లేదు, సెకనుకు వెయ్యి ఘనపు మీటర్లను క్యూసెక్కుల్లోకి మారిస్తే వచ్చేది అదే. ఇక పోతిరెడ్డిపాడు, ముచ్చుమర్రి, మల్యాల దగ్గరి హంద్రీ-నీవా పంపులు, తెలంగాణ వైపు కల్వకుర్తి ఎత్తిపోతల, చివరగా ఎండకు ఆవిరయ్యేది. ఎడమగట్టు యూనిట్లు వెనక్కి తిరిగి పంపులుగా కూడా పనిచేయగలవు. అప్పుడు దిగువ నీరే పైకెక్కి మళ్లీ జలాశయంలో పడుతుంది, ఎగువ వరదతో దానికి సంబంధం లేదు.

నిల్వ పద్దు ఇంకా సున్నితం. మట్టం చూసి, ఇంకో పట్టికలో నిల్వ చదువుతారు. 884.5 అడుగుల దగ్గర 212.92 టీఎంసీలు, 885 దగ్గర 215.81. అర అడుగుకు 2.89 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారినట్టు. 24 గంటల్లో మట్టం ఆ అర అడుగు పెరిగి, అదే రోజు సగటున మూడున్నర లక్షల క్యూసెక్కులు బయటికి పోయాయనుకుందాం. పెరిగిన నిల్వ వాటా 33,400 క్యూసెక్కులు, మొత్తం ఇన్‌ఫ్లో 3,83,400.

రోజు లెక్క కాబట్టి ఇది నిలకడగా ఉంది. ఇదే పని గంట గంటకూ చేస్తే చిక్కు మొదలవుతుంది. నిండు మట్టం దగ్గర అడుగులో పదో వంతు అంటే సుమారు 0.58 టీఎంసీ. అంత నీరు గంటలో రావాలంటే లక్షా అరవై వేల క్యూసెక్కుల వరద కావాలి. గాలికి అల లేచో, గేట్ల దగ్గర నీరు కిందికి లాగబడో స్కేలు మీద అంగుళం పైచిలుకు తేడా చదివితే చాలు, లేని నది ఒకటి లెక్కలోకి వచ్చేస్తుంది. అడుగున ఈ బెడద తక్కువ. 834 నుంచి 854 అడుగుల మధ్య నిల్వ 53.85 నుంచి 89.29 టీఎంసీలకు, అంటే అడుగుకు 1.8 టీఎంసీల లోపే పెరుగుతుంది. జలాశయం గిన్నెలా పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి, లెక్క తప్పకూడని నిండు వరదలోనే అది తప్పే వీలు ఎక్కువ.

అందుకని ఎగువ నుంచి సాక్ష్యం తెచ్చుకుంటారు. వార్తల్లో కృష్ణ మీది జూరాల ఇంత, తుంగభద్ర మీది సుంకేశుల ఇంత, హంద్రీ నది ఇంత అని విడివిడిగా చెప్పడం అందుకే. హంద్రీది వేరే పద్దు ఎందుకంటే, అది సుంకేశులకు దిగువన, కర్నూలు దగ్గర తుంగభద్రలో కలుస్తుంది, సుంకేశుల గేట్లకు దాని సంగతి తెలియదు. పైన వదిలిన నీరు కిందికి రావడానికి గంటలు పడుతుంది కాబట్టి ఈ మూడింటినీ అదే గంటలో కూడితే పొసగదు, వెనక్కి జరిపి కూడాలి. రెండు లెక్కలూ దగ్గరికి వస్తే అంకె బోర్డెక్కుతుంది.

ఇంగ్లిషులో ఇన్‌ఫ్లో అనే మాటకు అర్థంలో పాత చుట్టాలు ఉన్నారు. లోపలికి పారడం అనే లాటిన్ ధాతువు నుంచి ఇన్‌ఫ్లక్స్, ఇన్‌ఫ్లుయెన్స్ పుట్టాయి. మధ్యయుగాల జ్యోతిష్కుల దృష్టిలో ఇన్‌ఫ్లుయెన్స్ అంటే నక్షత్రాల నుంచి మనిషిలోకి దిగే కనిపించని ధార. అలాంటి ధారకే అంటగట్టిన ఒక జ్వరం ఇటలీలో ఇన్‌ఫ్లుయెంజా అయి, 1743లో ఇంగ్లిషులోకి వచ్చింది. వాళ్లూ ధారను చూడలేదు, ఫలితాన్ని బట్టే ఉందన్నారు. మన ఇంజినీర్లూ ఫలితాన్ని బట్టే అంటారు. కాకపోతే వీళ్ల దగ్గర జమ, ఖర్చు సరిచూసుకునే పుస్తకం ఉంది. ఇప్పుడు విదేశీ పెట్టుబడులకూ వలస జనానికీ ఇవే మాటలు వాడుతున్నారు. అక్కడ ఆ పుస్తకం ఎంత గట్టిదో అర్థశాస్త్రం వాళ్లే చెప్పాలి.

2009 అక్టోబరు మొదట్లో ఈ పద్ధతికి పెద్ద పరీక్ష వచ్చింది. కర్నూలు నగరాన్ని ముంచిన వరద శ్రీశైలానికి చేరేసరికి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆనకట్ట రూపకల్పనలో తీసుకున్న గరిష్ఠ వరద 19 లక్షలే. మట్టం 885ను దాటి 896 అడుగుల పైకి పోయింది. అన్ని గేట్లూ ఎత్తాక బయటికి పోయేది పెంచే మార్గం లేదు. మిగిలిందంతా నిల్వలోనే, రోజువారీ లెక్కకు అలవాటు లేని ఆ పదకొండు అడుగుల్లోనే చేరింది. ఆనకట్ట నిలిచింది.

నిల్వ పట్టిక కూడా స్థిరం కాదు. వరద నీటితోపాటు ఒండ్రు తెస్తుంది, జలాశయం అడుగు పైకి లేస్తుంది. మొదట 308 టీఎంసీలని కట్టిన సామర్థ్యం సర్వే జరిగేకొద్దీ 263కు, ఆపైన 215.81కి దిగింది. అంటే ఒకే అర అడుగు పెరుగుదలకు పాత పట్టికలో ఒక ఇన్‌ఫ్లో, కొత్త పట్టికలో ఇంకో ఇన్‌ఫ్లో. ఎనభైల నాటి వరదను ఈనాటి వరదతో పోల్చి చూడాలనుకునేవారు ముందు ఏ అంకె ఏ పట్టికతో కట్టిందో అడిగి తెలుసుకోవాలి.