అందరికీ వచ్చిన ట్యూను

పిల్లలకు సంగీతం నేర్పే బడికి ఒక ధీమా ఉంటుంది. వాళ్ళను అమ్మానాన్నలు పంపిస్తారు, ఎగ్గొడితే ఇంట్లో చీవాట్లు తప్పవు. పెద్దవాళ్ళకు నేర్పే బడికి ఆ ధీమా లేదు. పగలంతా ఉద్యోగం చేసొచ్చి, ఏదో ఇంత నోట్లో వేసుకుని, ఫిడేలు పెట్టె భుజాన తగిలించుకుని వానలో మళ్ళీ బస్సెక్కమని ఆ మనిషికి చెప్పేవాళ్ళెవరూ ఉండరు. తనంతట తాను రావాలి. సెప్టెంబరులో అందరూ వస్తారు. నవంబరులో ఇక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది. ఎవరు నిలబడతారో అప్పుడు తెలుస్తుంది.

ఎడింబరోలో స్కాట్లండ్ సంప్రదాయ సంగీతానికి సాయంత్రం క్లాసులు నడిపే ఒక చిన్న బృందంలో నేనూ ఉన్నాను. నేర్పేది నేను కాదు. హాజరు పట్టీ, గదుల తాళాలు, టీ కెటిల్, ఫీజు రసీదులు నా శాఖ. క్లాసులు ఒక ప్రాథమిక పాఠశాలలో జరుగుతాయి కాబట్టి అరవై ఏళ్ళవాళ్ళు ఏడేళ్ళ పిల్లల కుర్చీల్లో ఒదిగి కూర్చుని అకార్డియన్ వాయిస్తుంటారు. ఒక గదిలో ఫిడేలు, ఒక గదిలో టిన్ విజిల్, ఒకదాంట్లో అకార్డియన్, ఇంకోదాంట్లో పాట. బ్యాగ్‌పైపు నేర్చుకునేవాళ్ళను వసారా చివరి గదిలో వేస్తాం. మొదట్లో వాళ్ళు ఊదేది తిత్తి లేని ప్రాక్టీసు చాంటరే, దాని చప్పుడు పెద్దగా వినపడదు కూడా. అయినా ముందుచూపుతో ఆ గది వాళ్ళకే అట్టేపెట్టాం. తొమ్మిదయ్యేసరికి వాచ్‌మన్ తాళాలగుత్తి గలగల్లాడిస్తాడు. ఇక్కడి సంగీతానికి అసలు తాళం అదే అని మా ఫిడేలు టీచరుతో అనబోయి ఊరుకున్నాను. తెలుగు రానివాళ్ళకు ఈ చమత్కారం విప్పి చెప్పేలోగా వాచ్‌మన్ దీపాలార్పేస్తాడు.

మానేసేవాళ్ళు తీరిక లేదంటారు. నేను నమ్మను. అసలు చిక్కు చెవిదగ్గర ఉంది. యాభై ఏళ్ళు మంచి సంగీతం విన్న చెవి అది. మూడు వారాల కిందట విల్లు పట్టిన చెయ్యి ఎంత ఘోరంగా వాయిస్తోందో దానికి స్పష్టంగా తెలుస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ బాధ లేదు, హాయిగా గీకేస్తుంది. పెద్దవాళ్ళు సిగ్గుతో చచ్చిపోతారు. ఇంట్లో ఒంటరిగా సాధన చెయ్యమంటే ఆ సిగ్గు ఇంకా పెరుగుతుంది. నలుగురిలో కలిపేస్తేనే తగ్గుతుంది. గదినిండా ఫిడేళ్ళు ఒకేసారి మోగుతుంటే ఏ అపస్వరం ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ మూకలో చెయ్యి దానంతటదే కుదుటపడటం ఎన్నోసార్లు చూశాను.

నేర్పడం చెవిద్వారానే. టీచరు ముందు ట్యూనంతా అసలు వేగంతో ఒకసారి వాయించి వినిపిస్తుంది. తర్వాత విల్లు పక్కన పెట్టి, మాటల్లేకుండా, డిడిల్ డిడిల్ అంటూ నోటితో పాడుతుంది. అందరూ అనాలి. అది నోట పలికాక మొదటి రెండు బార్లు ఫిడేలు మీదికి వస్తాయి. ఆమె వాయిస్తే వీళ్ళు తిరిగి వాయిస్తారు. మళ్ళీ, మళ్ళీ. ఆ తర్వాత ఇంకో రెండు బార్లు, అవి వచ్చాక రెండింటినీ కలపడం. గురువుగారు పాడింది తిరిగి పాడుతూ సరళీ స్వరాలు నేర్చుకున్న మనకు ఇందులో వింతేమీ లేదు. ఇక్కడి గేలిక్ ప్రాంతాల్లో పైపుల సంగీతాన్ని తరతరాలుగా ఇలా నోటి అక్షరాలతోనే అప్పజెప్పుకుంటూ వచ్చారు. దాన్ని కౌంటరాఖ్క్ అంటారు. అసలు స్వరాలకు అచ్చులూ వాటిని అంటిపెట్టుకుని వచ్చే చిన్న గమకాలకు హల్లులూ వాడతారు. మృదంగం వాళ్ళు ముందు నోటితో జతులు చెప్పి తర్వాత చేతితో పలికించడం చూసినవాళ్ళకు ఇది చప్పున పట్టుబడుతుంది.

"నోట్సు ఇవ్వరా?" అని మొదటివారమే అడుగుతారు, ముఖ్యంగా చిన్నప్పుడు పియానో నేర్చుకున్నవాళ్ళు. ఇస్తాం. క్లాసు అయ్యాక, తలుపు దగ్గర. ముందే ఇస్తే కళ్ళు కాగితానికి అతుక్కుపోతాయి, పక్కవాళ్ళు ఏం వాయిస్తున్నారో వినడం ఆగిపోతుంది. దీనిమీద అలిగి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళమీద నాకు కోపం లేదు, కానీ ఈ నియమం మార్చడానికి మాత్రం నేను ఒప్పుకోను. స్ట్రాత్‌స్పే వినండి, ఎందుకో తెలుస్తుంది. స్పే నది లోయ పేరు మీద వచ్చిన నృత్య లయ అది. పొట్టి స్వరం, దాన్ని తోసుకుంటూ వెంటనే పొడుగు స్వరం. దెబ్బ పడేది పొట్టిదాని మీద. దీన్ని స్కాచ్ స్నాప్ అంటారు. కాగితం మీద దీనికి కచ్చితమైన కొలత ఉంది, ఆ కొలత ప్రకారం వాయిస్తే మాత్రం స్ట్రాత్‌స్పే రాదు. వంటపుస్తకంలో 'ఉప్పు తగినంత' అన్నట్టే ఇదీ. ఎంత పొట్టి, ఎంత పొడుగు అన్నది ఊరికీ మనిషికీ మారిపోతుంది.

ఈ లయకు పేరుమోసినవాడు నీల్ గౌ (1727–1807). డంకెల్డ్ పక్కన ఇన్వర్ అనే పల్లెలో బతికాడు. విల్లును పైకి తోసేటప్పుడు ఆయన పెట్టే బలం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. మామూలుగా కిందికి లాగేటప్పుడే విల్లుకు బరువు వస్తుంది, పైకి తోసేటప్పుడు తేలిపోతుంది. ఆయన విల్లు పైకెళ్ళేటప్పుడు కూడా అంతే గట్టిగా పలికేదట. 1787లో హైలాండ్స్ తిరుగుతూ కవి రాబర్ట్ బర్న్స్ పనిగట్టుకుని వెళ్ళి ఆయన్ని కలిశాడు. ఈ విద్య రాతలోకి ఎక్కదు. వాయించేవాళ్ళ ఎదురుగా కూర్చుని మోచెయ్యి ఎలా కదులుతోందో చూడాలి. మా టీచరు స్ట్రాత్‌స్పే నేర్పే వారం కుర్చీలు వరసల్లో వెయ్యనివ్వదు, గుండ్రంగా వెయ్యాల్సిందే.

ఫిడేలంటే వయొలినే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని మనవాళ్ళు ఫిడేలు నాయుడుగారనే అన్నారు కదా. ఈ వాద్యం మన కచేరీలోకి వచ్చింది కూడా కుంఫిణీ వాళ్ళ మద్రాసు ద్వారానే. బాలుస్వామి దీక్షితులు తెల్లవాళ్ళ దగ్గర అది నేర్చుకుంటే, ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు అక్కడి బ్యాండు మేళాలు వాయించిన బాణీలకు సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. నొట్టుస్వరాలంటూ ఇప్పటికీ పిల్లలకు నేర్పుతున్నది వాటినే. వాయిద్యం ఒకటే అయినా వాయించే తీరులో పోలిక లేదు. మన వయొలిన్ గాత్రం వెంట నడుస్తుంది, వీళ్ళ ఫిడేలు కాళ్ళవెంట.

ఇక శాఖాధికారిగా నాకు తలనొప్పి తెచ్చే విషయం శ్రుతి. హైలాండ్ పైపుకు తొమ్మిదే స్వరాలు, వెనక డ్రోన్లు ఆగకుండా మోగుతూనే ఉంటాయి. మన జానపద మేళాల్లో శ్రుతికి వాడే తిత్తి తెలిసినవాళ్ళకు ఆ డ్రోను పని వివరించనక్కర్లేదు. ఆ తొమ్మిది స్వరాల మెట్లు కర్ణాటక లెక్కలో హరికాంభోజి. నాలుగు గోడల మధ్య హైలాండ్ పైపు ఊదితే మిగతా వాద్యాలేవీ వినపడవు. దాని శ్రుతి కూడా వాటితో కలవదు. అందుకని లోపల వాయించడానికి చిన్న పైపులు, సాధారణంగా 'ఏ' (A) శ్రుతిలో ఉండేవి, వాడతారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ టిన్ విజిల్ డీ శ్రుతిది. అదృష్టం ఏమిటంటే 'ఏ' మీద నిలబెట్టిన హరికాంభోజి స్వరాలూ డీ మీద నిలబెట్టిన శంకరాభరణం స్వరాలూ అవే. కాబట్టి పైపుల ట్యూన్లు చాలావరకు విజిల్‌కూ లొంగుతాయి, ఫిడేలుకు ఎలాగూ తీగెలు అనుకూలం. ఈ లెక్కంతా నేనెందుకు వేస్తానంటే, వాద్యాల గదులు నాలుగింటిలోనూ ఒకే ట్యూను నేర్పిస్తాం కాబట్టి.

మా క్లాసుల గుట్టంతా అందులోనే ఉంది. టీ వేళకు విజిల్ గదిలోంచి వచ్చినావిడ, అకార్డియన్ గదిలోంచి వచ్చిన బస్సు డ్రైవరు ఒకే ట్యూను కూనిరాగం తీస్తూ బిస్కెట్ల దగ్గర కలుస్తారు. "రెండో భాగం నీకు పట్టుబడిందా?" "ఎక్కడ, అక్కడే జారిపోతోంది." వాళ్ళిద్దరికీ అంతకుముందు పరిచయం లేదు. టర్ము చివరి రాత్రి హాల్లో అందరూ కలిసి ఆ ట్యూన్లే వాయిస్తారు. మిగిలినవాళ్ళూ ఇంట్లోవాళ్ళూ ఆడతారు. ట్యూనుకు రెండు భాగాలు, ఒక్కో భాగం 8 బార్లు, ఒక్కోదాన్ని రెండుసార్లు వాయిస్తే 32 బార్లు. కంట్రీ డాన్సుకు ఆ 32 బార్లను ఎనిమిదిసార్లు తిప్పాలి. ఒకే ట్యూను అన్నిసార్లు వినలేరు, మధ్యలో ఇంకోటి అందుకోవాలి. అలా రెండుమూడు ట్యూన్లు కూర్చిన వరసను సెట్ అంటారు. ఏడాది తిరిగేసరికి మావాళ్ళకు అలాంటి సెట్లు కొన్ని వచ్చేస్తాయి. గొప్పగా వాయిస్తారని కాదు, కలిసి వాయించగలుగుతారు.

పబ్బులో సెషన్ నడిచేది కూడా ఈ ఉమ్మడి ట్యూన్ల మీదే. ఫారెస్ట్ రోడ్డులో శాండీ బెల్స్ అనే పబ్బు ఉంది. జానపద గీతాల వేట సాగించిన హామిష్ హెండర్సన్‌కు అది రెండో ఇల్లు. 1951లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ మొదలయ్యాక, టేప్ రికార్డరుతో ఊళ్ళు తిరిగి జీనీ రాబర్ట్‌సన్ లాంటి గాయనుల పాటలను లోకానికి వినిపించింది ఆయనే. ఆ పబ్బులో ఓ మూల బల్ల చుట్టూ కూర్చుని వాయిస్తుంటారు. వేదిక లేదు, పట్టిక లేదు, ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, తెలిసినవాళ్ళు కలుస్తారు, తెలియనివాళ్ళు గ్లాసందుకుంటారు. అక్కడ ఎంత బాగా వాయిస్తారని ఎవరూ అడగరు, ఏయే ట్యూన్లు వచ్చో చూస్తారు. వేగం మాత్రం కొత్తవాళ్ళను బెదరగొడుతుంది. అందుకే నెమ్మది సెషన్లు పుట్టాయి. ఇక్కడి సంగీతజ్ఞులు కొందరు వాటిని చిన్నచూపు చూస్తారు. చూడనివ్వండి.

పెద్దవాళ్ళను పోగుచేసి వాయించడం కొత్తదేం కాదు. ఎడింబరోలోనే 1881లో హైలాండ్ రీల్ అండ్ స్ట్రాత్‌స్పే సొసైటీ పెట్టారు. ఫిడేళ్ళ దండు ఒకేసారి కాగితం చూసి వాయించే పద్ధతి వాళ్ళది. మా తరహా క్లాసులకు మాత్రం మూలం ఇంకోచోట ఉంది, కాస్త ఊహించని చోట. 1979లో గోర్గీ, డాల్రీ అనే శ్రామికుల పేటల్లో అడల్ట్ లెర్నింగ్ ప్రాజెక్ట్ అని ఒకటి మొదలైంది. దానికి ప్రేరణ బ్రెజిల్ విద్యావేత్త పావ్లో ఫ్రేరి. ఈశాన్య బ్రెజిల్‌లో కూలీలకు చదువు చెప్పేటప్పుడు ఆయన వాచకంతో మొదలుపెట్టలేదు, వాళ్ళ బతుకులోని మాటలతోనే మొదలుపెట్టాడు. ఏం నేర్పాలో పైనుంచి దిగకూడదు, నేర్చుకునేవాళ్ళతో మాట్లాడి తేల్చాలి అన్నది ఆయన పట్టు. ఎడింబరో పేటల్లో అలా మాట్లాడిస్తే బయటపడ్డ కోరికల్లో తమ పాట, తమ వాయిద్యం కూడా ఉన్నాయి. అందులోంచి వచ్చిందే స్కాట్స్ మ్యూజిక్ గ్రూప్. 1981లో బారా ద్వీపంలో పిల్లలకోసం మొదలైన ఫేష్ అనే సంగీత ఉద్యమానికి దక్కినంత పేరు పెద్దవాళ్ళ క్లాసులకు దక్కలేదు. పిల్లలైతే పత్రికల్లో ఫొటో బాగుంటుంది మరి.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఫీజు మూడు అంచెల్లో ఉంటుంది, ఎవరు ఏ అంచెలో కడతారో వాళ్ళే ఎంచుకుంటారు, రుజువు అడగం. బడి గదుల అద్దె ఏటా పెరుగుతుంది, ఉత్తరం రాస్తే జవాబు రాదు. చివరి రాత్రి జరిగే ఆటపాటల కూడిక (కేలీ) టిక్కెట్లతో లోటు పూడుస్తాం.

ఇప్పుడు మా ముందున్న తగాదా జనవరి టర్ము ట్యూన్ల జాబితా. ఉమ్మడి ట్యూన్లతో వచ్చే ఇబ్బంది తెలిసిందే. మైరీస్ వెడ్డింగ్ లాంటి అరిగిపోయిన ట్యూను ఎత్తుకుంటే చాలు, అనుభవమున్న వాయిద్యగాళ్ళు కళ్ళు పైకి తిప్పుతారు. ఫిడేలు టీచరు ఈసారి విలియం మార్షల్ స్ట్రాత్‌స్పే ఒకటి పెట్టాలంటోంది. మార్షల్ (1748–1833) గోర్డన్ డ్యూకు దగ్గర ఉద్యోగి. స్ట్రాత్‌స్పేలు కట్టడంలో ఆ కాలంలో ఆయనను మించినవాడు లేడని బర్న్సే మెచ్చుకున్నాడు. చేతకానివాళ్ళకోసం తాను రాయనని ఆయన అన్నట్టు చెప్పుకుంటారు. టీచరు కోరిన ట్యూను ఫిడేలుకే కష్టమైన ఫ్లాట్ కీలో ఉంది. దాన్ని డీలోకి మార్చండి అన్నాను. "మారిస్తే ఆ రంగే పోతుంది," అంది. నిజమే, పోతుంది. మూయని తీగెల మోత లేకుండా వచ్చే ఆ మెత్తదనం కోసమే మార్షల్ ఆ కీ ఎంచుకుని ఉంటాడు. కానీ విజిల్ గదిలో ఉన్నది ఆయన ఎవరికోసం రాయనన్నాడో సరిగ్గా వాళ్ళే. టీ బల్ల దగ్గర ఫిడేలు వాళ్ళొక ట్యూను, మిగతావాళ్ళొక ట్యూను పాడుకోవడం మొదలైతే మేం నడిపేది సంగీతం ట్యూషన్ అవుతుంది.

నేను వ్యతిరేకంగా ఓటేశాను. మూడు ఓట్లకు రెండు, నా పక్షం ఓడింది. టర్ము చివరి మూడు వారాలు ఫిడేలు గదికి మార్షల్ ఖాయం. ఆ మూడు వారాలూ విజిల్ గదిలో ఏం నేర్పాలో చెప్పమని నాకే అప్పజెప్పారు. ఒక పైపు మార్చ్ దగ్గర ఆగాను. విజిల్ టీచరు ఇంకా జవాబివ్వలేదు.