నొవెల్లారా జున్ను పనివాళ్లు

ఇటలీలో పో నది మైదానంలోని చిన్న వ్యవసాయ పట్టణం నొవెల్లారా. 1728 దాకా గొంజాగా ప్రభువులు ఏలారు. వాళ్ల కోట ఇంకా ఉంది. నాకు మాత్రం కోటకన్నా పాల కేంద్రాలే గొప్పగా కనిపిస్తాయి.

పార్మిజానో రెజ్జానో జున్ను చేసే మనిషిని అక్కడ కజారో అంటారు. రాత్రంతా ఉంచి మీగడ తీసిన సాయంత్రం పాలను పొద్దుటి పాలతో కలిపి రాగి కాగులో పోస్తాడు. నిన్నటి విరుగుడు నీళ్లే ఇవాళ్టికి తోడు, అచ్చం మన పెరుగులాగే! దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో పాలు గడ్డకట్టాక, స్పీనో అనే తీగల కవ్వంతో ఆ గడ్డను గోధుమగింజంత పలుకులుగా విరగ్గొట్టి, సుమారు 55 డిగ్రీల దాకా వేడి చేస్తాడు. ఎప్పుడు ఆపాలో చెప్పేది చేతివేళ్లే. 40 కిలోల జున్ను చక్రానికి 550 లీటర్ల పాలు కావాలి. ఉప్పునీళ్లలో మూడు వారాలు నానాక, చెక్క అరల మీద కనీసం 12 నెలలు మాగాలి. ఆపై చిన్న సుత్తితో తట్టి, మోత విని లోపలి పగుళ్లు పసిగడతారు.

ఈ ప్రాంతపు పశువుల కొట్టాల్లో, జున్ను కేంద్రాల్లో ఇప్పుడు చాలామంది పంజాబీ సిక్కులు. తెల్లవారకముందే పాలు పితికే పని వాళ్లకు కొత్త కాదు. 2000లో నొవెల్లారాలోనే గురుద్వారా కట్టుకున్నారు.