ఉదరధమని ఉబ్బు: పేరులోని పొరపాటు

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురము ప్రాంతములలో ఎందరికో ఇంటిమాట తెలుగు, కచేరీమాట కన్నడము. స్కానింగు నివేదిక మాత్రము ఇంగ్లీషు. ఈ మూటి నడుమ తెలుగు పంతులే దుబాసీ యగుచుండును. "అయ్యోరా, ఇందులో ఏం రాసినారు?" అని వచ్చు పెద్దలకు చెప్పుటలో నన్ను మిక్కిలి ఇబ్బంది పెట్టిన మాట 'అన్యూరిజము'.

గుండెనుండి బయలుదేరి, వెన్నెముక ముందుగా కడుపులోనికి దిగు బృహద్ధమని గోడ ఒకచోట బలహీనపడి వెలుపలికి సాగుటయే ఈ వ్యాధి. సామాన్యముగా అచట దాని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. 3 సెంటీమీటర్లకు చేరినచో వ్యాధి యందురు, పురుషులలో 5.5 అయినచో శస్త్రచికిత్సను ఆలోచింతురు. చాలమందికి నొప్పియే యుండదు. పగిలినచో ప్రాణము దక్కుట అరుదు.

దీనికి వాడుకలో 'కడుపులో గడ్డ' అనుచున్నారు. ఇది కేవలము తప్పు. గడ్డ యనగా చీము పట్టునది, కాదేని కణితి. ఆ మాట విని ఒకడు క్యాన్సరని బెదరును; మరియొకడు పసరు కట్టు కట్టిన అణగునని కూర్చుండును. నేనును మొదట ఒక తాతకు ఆ మాటయే చెప్పితిని. ఆయన పట్టు వేయించుకొనుచు మూడు నెలలు వైద్యుని కడకు పోలేదు. ఆ దోషము నా అనువాదముదే.

సుశ్రుతసంహితలోని 'సిరాజగ్రంథి' ఇదియేనని కొందరు పండితులందురు. ప్రాచీనత మెచ్చదగినదే, కాని గ్రంథి యనగా ముడి, నేటి పాఠ్యపుస్తకములలో స్రావము నిచ్చు అవయవము. మరల గడ్డ కడకే చేరుదుము. 'ధమనీవిస్ఫారము' నిర్దుష్టము, గ్రీకు మూలమునకును వెడల్పగుట యనియే అర్థము. అయినను రైతు నోట నిలువదు. వట్టి 'ఉబ్బు' అన్నచో వాయువనుకొని సోడా త్రాగుదురు! కావున 'ధమని ఉబ్బు' అని జంటగానే పలుకవలెను. నీరు పారు రబ్బరు గొట్టము ఒకచోట పలుచనై బుడగవలె లేచుటను చూపినచో మా సీమ రైతునకు వేరు వ్యాఖ్య అక్కరలేదు.

'స్కానింగు' అను మాటకును చిక్కున్నది. పల్లెలలో అది గర్భిణుల పరీక్షగా స్థిరపడినది. 1994 నాటి చట్టము ననుసరించి గోడకు తగిలించిన, శిశువు ఆడో మగో తెలుపబడదను పలకను చూచి, మీసము నెరసినవారు నవ్వి వెనుదిరుగుదురు. కాని శబ్దతరంగముల పరీక్షలో కోత లేదు, ఎక్స్‌రే కిరణములు లేవు. వెడల్పు కొలతకు అందును. ఇంగ్లండులో 65వ ఏట పురుషులను ఈ పరీక్షకు పిలుతురు. అమెరికాలో 65 మొదలు 75 ఏండ్లలోపు, ఎన్నడైనను పొగ త్రాగిన పురుషులకు ఒకసారి చేయింపు మందురు. మన బీడీ తాతలకు ఈ సంగతి చెప్పువారెవరు? శస్త్రచికిత్సకు ముందు సి.టి. యాంజియోగ్రాము తీయుదురు, ఉబ్బు మూత్రపిండముల ధమనులకు ఎంత దూరమున్నదో అందు తేలును. ఐన్‌స్టీనునకు ఇవి యేవియు లేవు. 1948లో కడుపు కోసిన పిమ్మట ఉబ్బు బయటపడెను. 1955 ఏప్రిలు 18న అది పగిలియే ఆయన మరణించెను.

నివేదిక అడుగున కన్నడమున నొక పంక్తి, తెలుగున నొక పంక్తి చేర్చుట కష్టము కాదు. 'మీ కడుపులోని పెద్ద నెత్తురునాళము ఒకచోట ఉబ్బినది, వెడల్పు ఇంత, మరల ఫలాని నెలలో కొలిపించుకొనుడు' అన్న చాలును. గడ్డ యను మాట అందుండరాదు.