విష్ణుచిత్తుని పంక్తి

పండుగ వంటలూ పూజాభోజనాలూ మన కావ్యాల్లో ఎక్కడున్నాయంటే పాఠకులు ముందుగా చూపించేది ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమే. శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) అక్కడ విష్ణుచిత్తుడు భాగవతులకు పెట్టే భోజనాన్ని ఋతువుల వారీగా వర్ణించాడు. ఇలాంటి పద్యాలను సాంఘిక చరిత్రకు ఆధారాలుగా ఏరుకోవడం మనకు అలవాటు. సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) వచ్చాక ఆ పద్ధతి బలపడింది. పద్ధతి మంచిదే. అయితే పద్యాన్ని వంటకాల జాబితాగా మాత్రమే చదివితే కవి చేసిన పని సగం చేజారుతుందని మా అభిప్రాయం.

వానాకాలపు పద్యం చూడండి. బయట జడివాన. తడికట్టెల పొగ కళ్లలో పడకుండా విష్ణుచిత్తుని భార్య కొబ్బరి చిప్పలు రగిలించి వండుతుంది. వరి అన్నం, పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి ఆ తర్వాతి మాట. వడియాలూ వరుగులూ ఎండల్లో ఎండబెట్టి దాచుకునేవి గదా! అంటే ఈ విందుకు పని వేసవిలోనే మొదలైంది. వడ్డించిన పుణ్యం విష్ణుచిత్తునికి దక్కింది కాని, పొయ్యి దగ్గర ఉన్నది ఆమె. రాయలు ఆ కళ్లను మరచిపోలేదు. పూజ్యతను వర్ణించే చోట వంటింటి పొగను తలచుకున్న కవులు మనకు ఎక్కువమంది లేరు.

వేసవిలో ముందు గంధపు పూత. ఆ పైన నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకుపాలు, వడపిందెలు. చలికాలంలో మిరియపు పొడి కూరలు, ముక్కు అదిరే ఆవపచ్చళ్లు, పాయసం, చెయ్యి చురుక్కుమనే నెయ్యి. మిరపకాయ మన వంటింట్లో ఇంకా స్థిరపడని రోజులవి. అతిథి ఒంటికి ఆ రోజు ఏది హితమో అదే నైవేద్యం. భాగవతులకు చేసే ఆరాధనే భగవంతునికి చేరుతుందన్న వైష్ణవ విశ్వాసం ఈ వడ్డనలో కనిపిస్తుంది.

మాకు అన్నిటికన్నా నచ్చినది మరొకటి. నడిరేయి ఆ ఇంటి ముందు నిలబడితే వినబడే మాటల్లో అతిథులతో అనే సంస్కృత వాక్యాలున్నాయి: కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేదు, అప్పాలు లేవు, అన్నమూ శ్రేష్ఠమైనది కాదు, దయచేసి భుజించండి. ఇన్ని వడ్డించే ఇంట్లో పిండివంట లేదని మన్నింపు కోరడం!

ఇంతకూ ఇది ఎవరి భోజనం? కథ జరిగేది తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరులో. రాసినవాడు విజయనగర ప్రభువు, భాష తెలుగు. విష్ణుచిత్తుడు, అనగా పెరియాళ్వారు, రాయలకు శతాబ్దాల ముందటివాడు. కనుక ఈ వంటలు ఆళ్వారు కాలానివని గాని, కేవలం ఆంధ్రుల ఆహారమని గాని గిరిగీయడం సరికాదు. ఓళిగ, ఒబ్బట్టు, పోళి, బొబ్బట్టు అని ఒకే భక్ష్యాన్ని ఊరికొక పేరుతో తింటున్న ప్రవాసాంధ్ర విద్యార్థులకు ఇది మేము విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ ఇంటి కూతురు గోదాదేవి నాచ్చియార్ తిరుమొళిలో అళగరుకు నూరు పాత్రల వెన్న, నూరు పాత్రల అక్కారవడిశల్ మొక్కుకుంది. ఆమె మొక్కును తర్వాత రామానుజులు తీర్చారని వైష్ణవ సంప్రదాయం. ధనుర్మాసంలో 27వ రోజున, కూడారవల్లి నాడు, పాలు, బెల్లం, నెయ్యి పోసి వండే ఆ అన్నం ఇప్పటికీ ఆలయాల్లో నివేదనకు వస్తుంది.