చెత్తబుట్టలోంచి తీసిన స్పంజి

సోమవారం పొద్దున నస్రుల్లాబాద్‌లో మెకానిక్ తమ్ముడు నా ఆర్‌ఎక్స్ 100 సైడు డబ్బా విప్పాడు. ఎయిర్ ఫిల్టర్ స్పంజి బయటికి లాగి, నన్ను అడగకుండానే చెత్తబుట్టలో వేశాడు. "ఇది అయిపోయిందన్నా, కొత్తది ఏద్దాం" అన్నాడు. నేను వంగి దాన్ని మళ్ళీ తీసుకున్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది.

ఈ శీర్షిక చదివేవాళ్ళకు నా పట్టుదల తెలిసిందే. క్లచ్ తీగ కావచ్చు, సీటు కవరు కావచ్చు, బాగుచేసుకోగలిగినదాన్ని పారేయడం నాకు గిట్టదు. మా పెద్దోడి స్ప్లెండర్‌లో ఉన్నది నూనె పట్టించిన కాగితపు ఫిల్టర్. కడగకూడదు, గాలి కొట్టించకూడదు, గడువు తీరితే మార్చడమే. నాది స్పంజి. గ్యాస్‌నూనెలో కడిగి, సబ్బు నీళ్ళలో జాడించి, నీడన ఆరబెట్టి, రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పట్టించి, ఎక్కువైంది పిండేస్తే మళ్ళీ పనికొస్తుంది. "చూడు, నా బండిది జీవితకాలం వస్తుంది" అని వాడితో ఎన్నిసార్లు అన్నానో.

ఇప్పుడు యాసంగి కోతలు. నిజాంసాగర్ కాలువ కింద ఎటు చూసినా కోత మిషన్లే. రోడ్డుకు ఒక పక్కన వడ్లు ఆరబోసి ఉంటాయి, ట్రాక్టర్లు వాటి పక్కనుంచే పోతుంటాయి. బాన్సువాడ పోయి వచ్చేసరికి పొట్టు దుమ్ముకు చొక్కా కాలరు దురద పెడుతుంది. వరి పొట్టును కాలిస్తే బరువులో దాదాపు ఐదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో చాలా భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ఇక ఇంజన్ సంగతి చూడండి. ఒక లీటరు పెట్రోలు కాలడానికి దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. అంత గాలినీ ఈ అరచేతి స్పంజి ఒక్కటే వడకట్టాలి. పైగా నాది టూ స్ట్రోక్ బండి. గాలి నేరుగా సిలిండర్‌లోకి పోదు, ముందు కింద క్రాంకు గదిలోకి వస్తుంది. దుమ్ము దాటి వచ్చిందంటే పిస్టన్ రింగులతో పాటు క్రాంకు బేరింగులనూ అరగదీస్తుంది.

స్పంజి చేతిలో పట్టుకుని నిలబడితే మా మేనమామ ట్రాక్టర్ గుర్తొచ్చింది. అప్పట్లో కల్లంలో పంట పరిచి, దాని మీద ట్రాక్టర్ తిప్పి వడ్లు రాల్చేవాళ్ళు. పొట్టు పొగలా లేచేది. ఆ ట్రాక్టర్‌కు స్పంజీ లేదు, కాగితమూ లేదు. ఇంజన్ పక్కన నిలువు డబ్బా, దాని అడుగున నూనె గిన్నె. గాలి గొట్టంలోంచి కిందికి దిగి, నూనె మీద గిరుక్కున పైకి తిరిగేది. బరువైన దుమ్ము ఆ మలుపు తిరగలేక నూనెలో పడేది. మిగిలింది పైనున్న తడి జాలీకి అంటుకునేది. నా స్పంజి పనిచేసేదీ అదే తీరున. దుమ్మును పట్టేది స్పంజి ఒక్కటే కాదు, దానికి పట్టించిన నూనె కూడా.

సెలవుల్లో ఆ గిన్నె పని నాది. పొద్దున్నే క్లిప్పు విప్పి దించితే పైన పలచటి నూనె, కింద గోరుకు కూడా లొంగని నల్లటి ముద్ద. పుల్లతో గీకి, పాత ధోవతి ముక్కతో తుడిచి, లోపలి గీత దాకా కొత్త నూనె పోసేవాణ్ణి. ఒకరోజు ఆ పైనూనె పారబొయ్యడానికి మనసొప్పలేదు. వడకట్టి మళ్ళీ పోద్దామన్నాను. మామ గిన్నె నా చేతిలోంచి తీసుకుని గుంటలో బోర్లించాడు. "నూనె పైసలల్ల వస్తది అల్లుడా, ఇంజన్ పోతె ఎకరం పోతది."

ఇన్నేళ్ళూ ఆ జ్ఞాపకాన్ని నా వాదనకే సాక్ష్యంగా పెట్టుకున్నాను. మామ ఫిల్టర్‌ను కడిగి వాడాడు, నేనూ కడిగి వాడుతున్నాను అని. సోమవారం ఆ షెడ్డులో గుర్తొచ్చింది మాత్రం బోర్లించిన గిన్నె. ఇనుప గిన్నెను ఏళ్ళ తరబడి ఉంచుకున్నవాడు నూనెను ఒక్కరోజు ఎక్కువ ఉంచలేదు.

స్పంజిని వేళ్ళ మధ్య నొక్కాను. అంచు పొడిపొడిగా రాలింది. కడిగిన ప్రతిసారీ తడిబట్టలా మెలిపెట్టి పిండేవాణ్ణి. చిరుగులు అక్కడే మొదలయ్యాయి. చిరగకున్నా ఏళ్ళు గడిస్తే ఈ స్పంజి తనంతట తానే ఛిద్రమవుతుంది. తమ్ముడు ఏమీ అనకుండా తెల్లగుడ్డతో కార్బురేటర్ మూతి లోపల తుడిచి చూపించాడు. గుడ్డ మీద సన్నటి మట్టి. అంటే కొన్నాళ్ళుగా నా బండి మా ఊరి పొలాల దుమ్ము తాగుతోంది. స్పంజి మూసుకుపోయి ఉంటే పికప్ తగ్గి, ప్లగ్గు నల్లబడి నాకు తెలిసేది. చిరిగిన స్పంజితో బండి హాయిగా లాగుతుంది, అందుకే తెలియలేదు.

కొత్తది తీసుకున్నాను. పరుపుల స్పంజి కత్తిరించి అమ్మేది వద్దన్నాను. అంచు చుట్టూ సందు లేకుండా కూర్చునేదే కావాలన్నాను. డబ్బా మూత రబ్బరుకు పగుళ్ళున్నాయని దాన్నీ మార్పించాను. మా ఊరి పిల్లలు డబ్బా మొత్తం పీకేసి కార్బురేటర్ మూతికి గుండ్రటి జాలీ ఫిల్టర్ బిగిస్తున్నారు, చప్పుడు బాగుంటుందని. మిగతా ఊళ్ళ సంగతేమో, కోతల నెలలో ఈ రోడ్ల మీద అది వద్దని వాళ్ళను బతిమాలుతున్నాను.

ఇంటికొచ్చాక సైడు డబ్బా మూత లోపల తేదీ రాసి, మరో స్పంజి కొని అటక మీద పెట్టాను. పెద్దోడు స్ప్లెండర్ తుడుస్తున్నాడు. "ఫిల్టర్ మార్చి ఎన్నాళ్ళైందిరా?" అని అడిగాను.

"మొన్ననే మార్చిన నాయనా. నువ్వు కోపం చేస్తవని చెప్పలే" అన్నాడు.