నలుగురితో చదివించే నేర్పు

స్నేహితుల చేత పుస్తకం చదివించి, దాని మీద నోరు విప్పించడం గొప్ప పనితనం. అందుకు ఆబిడ్స్ కంటే అనువైన చోటు హైదరాబాదులో లేదంటాను. ఆదివారం దుకాణాల షట్టర్లు దిగి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. బృందాన్ని నడిపే మనిషి అక్కడ ఓపికగా వెతకాలి. అందరి జేబుకూ అందే వెల, అందరూ పూర్తిచేయగల నిడివి, వాదనకు తావిచ్చే కథ కావాలి. ఒకే ప్రతి దొరికితే ఎవరి తర్వాత ఎవరు చదవాలో వరస కట్టాలి.

అసలు నేర్పు అందరూ కూర్చున్నాక తెలుస్తుంది. ఎక్కువ మాట్లాడేవారిని నొప్పించకుండా ఆపాలి. మౌనంగా ఉన్నవారిని “నీకేమనిపించింది?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. చదవకుండా వచ్చినవారికీ చాయ్, చోటు ఉండాలి.

ఆబిడ్స్‌లోని నాంపల్లి స్టేషన్ రోడ్డుకు ఇలా కూడి మాట్లాడుకునే అలవాటు కొత్త కాదు. ఒకప్పుడు అక్కడి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఇంట్లో పండితులు, మిత్రులు చేరి చర్చించుకునేవారు. ఆయన కూతురు సరోజినీ నాయుడు 1905లో వెలువరించిన కవితా సంపుటి ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ పేరే ఆ ఇంటికి నిలిచింది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం అక్కడే మొదలైంది.

జీతం, పదవి లేకుండా నలుగురి చేత చదివించేవారికి ఈ నగరం రుణపడి ఉంది.