వీధియే రంగస్థలము: మేలట్టూరు భాగవతమేళము

నాటకసమాజములలో కొన్ని స్థలమును తమ వెంట మోసికొనిపోవును. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధతో పుట్టిన సురభివారు ఈ తెగకు చెందినవారు. తెరలను, మేఘములను, ఇంద్రసభను బండ్ల కెత్తి ఏ ఊరి బయలులో దింపినను అదియే ద్వారక యగును. ఇందుకు సరిగా ఎదురైన తెగ యింకొకటి కలదు. ఆ నటుల నాటకము ఒక ఊరికి, ఒక వీధికి, ఒక తిథికి కట్టుబడియుండును. తంజావూరికి సుమారు 18 కిలోమీటర్ల దూరముననున్న మేలట్టూరు భాగవతమేళము అట్టిది.

మేలట్టూరు తమిళగ్రామము. నటుల యింటిభాషయు తమిళమే. అయినను వైశాఖమాసమున నృసింహజయంతికి అచట ఆడునది తెలుగు నాటకము. కన్నడనాట తరతరములుగా నిలిచిన మన కుటుంబములు ఈ వింతను ఒకింత శ్రద్ధగా చూడవలసియున్నది. తంజావూరు నేలిన నాయకరాజులు తెలుగువారు. వారిలో అచ్యుతప్పనాయకుడు భాగవత కుటుంబములకు ఇండ్లు, భూములు ఇచ్చి ఈ ప్రాంతమున నిలిపెనని ప్రసిద్ధి. తరువాత వచ్చిన మరాఠా రాజులును తెలుగును త్రోసివేయలేదు. 1684 మొదలు 1712 వరకు ఏలిన శాహజీ తానే తెలుగున యక్షగానములు రచించెను. ఏలినవారు మారిరి గాని నాటకభాష మారలేదు. ఆ పరంపరలో వచ్చిన మేలట్టూరు వేంకటరామశాస్త్రి ప్రహ్లాదచరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయ మొదలగు నాటకములు వ్రాసి ఊరివారి చేతికిచ్చెను.

రంగస్థలమని అచట వేరొక భవనము లేదు. వరదరాజ పెరుమాళ్ళ కోవెల యెదుటి వీధియే రంగస్థలము. పందిరి క్రింద వేదిక, దాని కభిముఖముగా స్వామి, నడుమ జనము. ఈ అమరికయందే నాటకమర్మమంతయు నున్నదని నా అభిప్రాయము. నటుని దృష్టి ప్రేక్షకుల తలల మీదుగా స్వామిని చేరును. మెప్పుకై తహతహ అందువలన సగము తగ్గును. రాత్రి కోణంగి గంతులు వేయుచు వచ్చి జనమును సద్దుమణుపును. ఏనుగు ముఖము తొడిగికొన్న బాలుడు గణపతియై ఆడిపోవును. పిమ్మట కట్టియకాడు చాటగా హిరణ్యకశిపుడు ప్రవేశదరువుతో వచ్చును. స్త్రీవేషములను పురుషులే ధరించుట సంప్రదాయము. లీలావతి కడుపుకోతను మగవాడు అభినయించుచున్నాడన్న సంగతి కొంతసేపటికి మరపునకు వచ్చుటయే ఆ వేషధారికి గీటురాయి. తెల్లవారుజాము సమీపించిన గాని స్తంభము పగులదు. నృసింహుని ముఖము కోవెలలో పూజలందుకొనునది. దానిని ధరించువాడు ఉపవాసముండును. ఆవేశము మీరినప్పుడు అతనిని పట్టి నిలుపుటకు మనుష్యులు సిద్ధముగ నుందురు. అది నటనయా, పూనకమా యని అడుగుట ఆ వేళకు అనవసరము.

నిష్పక్షపాతముగ చెప్పవలెనన్న, ఈ నాటకమున విసుగు పుట్టించు ఘట్టములు లేకపోలేదు. తండ్రికొడుకుల వాదము సాగినకొద్ది సాగును. దరువు వెంట దరువు వచ్చును. పిల్లలు నిద్రపోవుదురు, పెద్దలును కునుకుదురు. కాని వీధిలో కునుకు అపరాధము కాదు. కునికి లేచిన వాని కన్నులకు నృసింహుడు కనబడుటలో నొక సొగసున్నది. ఇదే నాటకమును పట్టణపు సభామందిరమునకు తెచ్చి రెండు మూడు గంటలకు కుదించినచో విసుగు పోవును. దానితో నిరీక్షణయు పోవును. రాత్రి తొమ్మిది గంటలకే స్తంభము పగిలిన, కడపటి బస్సునకు పోవువారికి సౌకర్యము. భయమెక్కడిది? అచట నటుడు చీకటిలోని కుర్చీల వంక చూడవలసినదే.

కూచిపూడివారి మార్గము వేరు. వారు ఊరూర తిరిగిరి, పట్టణమును చేరిరి. 1963లో వెంపటి చినసత్యము మద్రాసున అకాడమీ స్థాపించిన పిమ్మట ఆ నృత్యము దేశదేశముల వ్యాపించెను. లాభము గొప్పదే, కాదనను. మేలట్టూరువారు కీర్తిలో వెనుకబడిరి. ఇ. కృష్ణయ్యరు వంటి రసికులు పూనుకొని చాటకున్న ఈ మేళము మాట బయటివారికి ఇంకను తక్కువగా తెలిసియుండెడిది. కాని ఉన్నచోటనే ఉండుటవలన వారికి దక్కినది మనకు దక్కలేదు.

ఇక ఉచ్చారణ సంగతి. తెలుగువాని చెవికి ఇదియే ముల్లు. పాఠమును తమిళ లిపిలో వ్రాసికొన్నచో క గ లకు ఒకే యక్షరము, త ద లకు ఒకే యక్షరము, ఒత్తులు మొదలే లేవు. ‘కథ’ యనినను ‘గద’ యనినను కాగితము మీద ఒక్కటే. భీముని చేతిలో ఏది యున్నదో సందర్భమునుబట్టి గ్రహింపవలెను! పాట వచ్చినప్పుడు రాగము ఈ లోపమును కొంత కప్పును. వచనమున అది బయటపడును. వారు నేర్చుకొన్న శ్రమను తలచి దీనిని క్షమింపవచ్చును గాని, లోపము కాదని చెప్పరాదు.

మన సంగతి చూడుడు. సాదలి మొదలు బాగేపల్లి, చింతామణి వరకు ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము. కైవారము నారాయణప్ప తెలుగు కీర్తనలను మనవారు కన్నడ లిపిలో చదివి పాడుచున్నారు. దీనికి చిన్నబోవువారు కొందరున్నారు. నాకు చిన్నతనముగ తోచదు. మన క గ లు, త ద లు, ఒత్తులు కన్నడ లిపియందు చెక్కుచెదరక యున్నవి. స్థలములకును కొదువ లేదు. గుమ్మనాయకనపాళ్యమున పాలెగాండ్ర కోట కలదు, గుడిబండ కొండ కలదు, నంది క్రింద భోగనందీశ్వరుని ఆలయము కలదు. చిక్కబళ్ళాపురము చెంత రంగనాథస్వామి వెలసిన చోటి పేరే రంగస్థల! రక్షిత కట్టడములలో ఆడుటకు పురావస్తుశాఖ అనుమతి కావలెను, నిజమే. కోవెల వీధికి అంత చిక్కు లేదు. మన యుత్సవములలో మాత్రము లారీ మీద తెచ్చిన వేదికను ఎచట చోటు దొరికిన అచట నిలిపి, ఒక్కొక్కప్పుడు దేవునికి వీపు త్రిప్పి నాటకమాడుచున్నాము. గర్జించు యంత్రముల నడుమ నటుని గొంతు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో తెలియదు.

ఒక ఊరు, ఒక నాటకము, ఒక తిథి చాలును. ఏటేట తప్పక అదే వీధిలో ఆడవలెను. మా సాదలి బాలు డెవడైన ప్రహ్లాదుని వేషమునకు ముందుకు వచ్చినచో పాఠమును కన్నడ లిపిలో వ్రాసి యిచ్చుటకు నే నిప్పుడే సిద్ధము. ‘కథ’లోని ఒత్తు మాత్రము పలుకవలెను.